పేజీకి ఎనిమిది అక్షరాలు తక్కువ

హిందూపురంలో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు 1994లో కంప్యూటరు వచ్చింది. పన్నెండు టైపు మిషన్ల పక్కన అదొక్కటి. ఏ కొత్త ప్రోగ్రాం ఎక్కించినా దాని పేరు, ఎక్కించిన తేదీ, అది ఎన్ని బైట్లు ఉందో ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. బైటంటే ఒక అక్షరం పట్టే చోటు. అవన్నీ ఎందుకు రాస్తున్నావని అడిగేవాళ్లు. అంకె కనిపిస్తే రాయకుండా ఉండలేను, అంతే.

నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఆ తర్వాత తమ ఊళ్లలో కంప్యూటర్లు పెట్టుకున్నారు. పెనుకొండలో ఒకామెకు టైపింగ్ అంగడి. ధర్మవరంలో ఒకాయన పట్టుచీరల అంచులకు, కొంగులకు డిజైన్లు వేసేవాడు. ఆ రెండు మిషన్ల మంచిచెడ్డలూ నేనే చూసేదాన్ని. వాటి అంకెలూ నా నోటుబుక్కులోనే ఉండేవి.

1996 ఆయుధపూజ నాడు టైపు మిషన్లన్నీ తుడిచి, బొట్లు పెట్టి, ఒక్కొక్కదాని మీద ఒక్కో వరుస కొట్టాను. పూజయ్యాక పనిముట్టును ఒకసారి నడపాలి, లేకపోతే పూజ సగమే. మరి కంప్యూటరును నడపడమంటే ఏమిటి? స్విచ్చి వేస్తే చాలదనిపించింది. అందులోని ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కసారి తెరిచి మూయాలని నిర్ణయించుకున్నాను. ఒక విద్యార్థిని బెంగళూరు నుంచి టైపింగ్ ఆట ఒకటి ఫ్లాపీలో తెచ్చి ఇచ్చింది. కొత్తది కదా అని మొదట దాన్నే నడిపాను. తర్వాత మిగిలిన పంతొమ్మిది. ఆ ఫ్లాపీతోనే ప్యాసింజరు బండెక్కి, అక్కడా మొదట ఆ ఆటే నడిపి, పెనుకొండలో తొమ్మిది, ధర్మవరంలో పదమూడు నడిపించి వచ్చాను. మొత్తం నలభై ఒకటి. ఒక్కటీ వదల్లేదని తృప్తిపడ్డాను.

పదకొండో రోజు ధర్మవరం నుంచి ఫోను.

"అక్కా, మిషను నత్త మాదిరి పోతాండాది. డిజైను తెరవమని చెప్పి కాఫీ తాగి రావచ్చు."

"తాగిరాప్పా, ఎవరొద్దన్నారు?"

"మూడు తూర్లు తాగొస్తి, తెరుచుకోలే. బెంగుళూరు మెకానిక్కును పిలిపించినా. వైరసంట. అంతా తుడిచేయాల్నంట."

ఆయన నాన్న గ్రాఫు కాగితాల మీద చేత్తో వేసిన నలభై ఆరు డిజైన్లు ఆ మిషనులో ఉన్నాయి. కాగితాలు మడతల దగ్గర చినిగిపోతుంటే పద్నాలుగు నెలలు కూర్చొని గడి గడీ కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ తర్వాత కాగితాలు వానకు తడిసి ముద్దయిపోయాయి. డిజైన్లకు నకళ్లు తీయించాను గానీ, వాటిని తెరవగలిగే ప్రోగ్రాం ఒక్కటే. దాన్ని రాసిచ్చినతను ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. అతనిచ్చిన ఫ్లాపీకి బూజు పట్టి మిషను దాన్ని చదవడం మానేసింది. మెకానిక్కు దగ్గరున్న మందు ప్రోగ్రాముకు ఈ వైరసు పేరు కూడా తెలియలేదట. తుడిస్తే ఆ ప్రోగ్రామూ పోతుంది, ఆ నలభై ఆరూ ఎవరికీ కనిపించవు.

"తుడవనియ్యద్దు. మిషను ఆర్పేయి. నేనొచ్చేదాకా ముట్టద్దు."

"ఎన్నాళ్లక్కా?"

"నాలుగు దినాలు."

"మెకానిక్కు నవ్వుతాండాడు."

"నవ్వనీ. పండ్లకు గాలి తగుల్తాది."

ఫోను పెట్టేసి నా కంప్యూటరులో ఫైళ్ల జాబితా తెరిచి నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాను. మొదటి ప్రోగ్రాం పెరిగింది. రెండోదీ పెరిగింది. తీసివేతలు వేస్తూ పోయాను. పంతొమ్మిదింటికీ ఒకటే తేడా: 1,792 బైట్లు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఉత్తరాల ఫైళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఆరు ప్రోగ్రాములకు నా దగ్గర అసలు ఫ్లాపీలున్నాయి. చెడినవి తీసేసి మళ్లీ ఎక్కించాను. ఒకసారి నడిపి చూసేసరికి ఆరూ మళ్లీ 1,792 పెరిగి కూర్చున్నాయి. అది ఫైళ్లలోనే కాదు, మిషను వెలుగుతున్నంతసేపూ దాని జ్ఞాపకంలోనూ ఉంటోందని అప్పుడు తెలిసింది. ఏ ప్రోగ్రాం నడిస్తే దాన్ని పట్టుకుంటుంది. ఆయుధపూజ నాడు నేను చేసిందేమిటో కూడా అప్పుడే తెలిసింది. వదలకుండా నలభై ఒకటీ దాని చేతికి అందించాను.

మిషను పూర్తిగా ఆర్పి, ఏదీ రాయడానికి వీల్లేకుండా మూలనున్న బుల్లి కిటికీ తెరిచి ఉంచిన శుభ్రమైన ఫ్లాపీతో మొదలుపెట్టాను. ఫైలు లోపలి అక్షరాలను అంకెలుగా చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి అందులో ఉండేది. చెడినదాన్నీ అసలుదాన్నీ వరుస వరుసా పోల్చాను. మధ్యలో ఏమీ మారలేదు. చివర 1,792 బైట్ల తోక. మొదట మూడంటే మూడు బైట్లు మారాయి. 'ముందు తోకలోకి పో' అని చెప్పే మూడు బైట్లవి. మరి అక్కడుండాల్సిన అసలు మూడు?

రెండు రోజులు వెతికాను. తోకలోనే ఉన్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడో స్థానాల్లో భద్రంగా ఉన్నాయి. ఆరింటిలోనూ అదే చోటు.

ప్రోగ్రాం మామూలుగా నడవకపోతే మనకు అనుమానం వస్తుంది. అందుకే అది తన పని చేసుకొని, ఆ మూడు బైట్లనూ వాటి చోట పెట్టి, ప్రోగ్రామును తన దారిన పోనిస్తుంది. నేను పిల్లలకు నేర్పే పేజీకి ముప్పై వరుసలు, వరుసకు అరవై అక్షరాలు. పద్దెనిమిది వందలు. ఒక పేజీకి ఎనిమిది అక్షరాలు తక్కువలో ఎవరో ఇదంతా చెప్పేశారు. ఇరవై ఆరేళ్లు పేజీలు కొట్టించాను, అంత చెప్పిన పేజీ ఒక్కటీ నా చేతి కిందుగా పోలేదు.

తిరుగు బండిలో దిగుతాను, అందాకా మిషను ముట్టద్దని పెనుకొండకు ఫోను చేసి, ఐదో రోజు ఉదయం ధర్మవరంలో దిగాను. ఆయన ఇంటి గడపలోనే నిలబడి ఉన్నాడు.

"దొరికిందా అక్కా? యాడ దాక్కోనుండాది?"

"చూపిస్తా. ముందు కూచోనీ."

శుభ్రమైన ఫ్లాపీతో మిషను వెలిగించి, డిజైను ప్రోగ్రాముకు నకలు తీసుకున్నాను. తోకలో పదకొండో స్థానం నుంచి మూడు అంకెలు తీసి మొదట పెట్టాను. అది దాక్కున్నది ఈ తోకలోనేనని ఆయనకు చెప్పి, నోటుబుక్కులో రాసుకున్న కొలతకు తోకను కత్తిరించాను. నడపడానికి మీట నొక్కబోయి ఆగాను.

"అప్పా, ఇది నా ఫ్లాపీలోనే వచ్చింది. పూజ నాడు నేనే తెచ్చి పెట్టినా."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. "నొక్కక్కా," అన్నాడు.

నొక్కాను. నాలుగు క్షణాల్లో ప్రోగ్రాం తెరుచుకుంది. మొదటి డిజైనులో జంట హంసల అంచు. ఆయన తెరకు వేలు ఆనించకుండా గడులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. వరుస చివర ఆగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఒక్క పోగూ తప్పలే. మా నాయన గీసినట్లే ఉండాది."

డిజైను మూసి అడిగాడు. "ఆ తోక యాదక్కా? ఒకసారి సూపీ."

ముందు తీసిపెట్టిన నకలు తెరిచి చూపించాను. వరుసకు పదహారు చొప్పున అంకెలు. దేని పని ఏమిటో నాకు తెలిసినంత చెప్పాను. గ్రాఫు కాగితం చూసినట్టు తల వంచి చూశాడు.

"యాడా ఒక్క గడి దండగ పోలే," అన్నాడు. "ఇంత పనితనం ఉన్నోడు ఒక్క అంచు వేసింటే ఎట్లుండునో!"

తిట్టాల్సింది నన్నో వాణ్నో తేల్చుకోకుండా ఆ మాటన్నాడు. తోక చివరి వరుస దాకా ఇద్దరం చూశాం. తర్వాత మిగిలిన పన్నెండు ప్రోగ్రాములకూ ఆయన అంకెలు చదివాడు, నేను కొట్టాను.