తిరుత్తణిలో వెనక్కి వచ్చిన చుక్క

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి సందేహాలు ఉండాలంటారు. ఆ రోజుల్లో నాకు ఒక్కటీ ఉండేది కాదు. తిరువళ్ళూరులో మా హేతువాద మిత్రుల సభ ఎప్పుడు జరిగినా మహిమల్నీ మొక్కుల్నీ ఉతికి ఆరేసే పని నాదే (జుట్టు భుజాల దాకా పెంచి, దాన్ని స్వేచ్ఛకు జెండా అనుకునేవాణ్ణి). ఆదివారం సభలో ‘తలనీలాలు ఎందుకు?’ అని మాట్లాడాల్సి ఉండగా, శుక్రవారం తిరుత్తణిలో మామ ఇంటికి పోయాను. మగ్గం మీద నుంచే మామ, “మా తాతల కాలంలో ఒక సాధువు పాలల్లో కలిపిన నీళ్ళను మళ్ళా వేరు చేసినాడంటప్పా” అన్నాడు. నేను మండిపడ్డాను. “కలియబెట్టింది మళ్ళీ విడిపోదు మామా. ప్రకృతి నియమం. ఎవరైనా విడదీసి చూపిస్తే మీ ఊరి గుడి కొండెక్కి గుండు కొట్టించుకుంటా.”

“నాయనా, నువ్వే సాక్షి” అంది మామతో, లోపలి నుంచి మరదలు. కాలేజీలో ఫిజిక్స్ చదువుతోంది. పెద్ద గాజుగ్లాసులో చిన్నది నిలబెట్టి, మధ్య సందులో గ్లిజరిన్ పోసింది. నూలుకు వేసే ఎర్రరంగును కాస్త గ్లిజరిన్‌లోనే కలిపి, సిరంజితో అందులో ఒక చుక్క వదిలింది. లోపలి గ్లాసును మెల్లగా తిప్పింది. చుక్క సాగి, తీగై, మసకై, మాయమైంది.

“కలిసిందా బావా? మళ్ళా మాట మారుస్తావు.”

“కలిసింది.”

ఎన్ని చుట్లు తిప్పిందో అన్ని చుట్లు వెనక్కి తిప్పింది. మసకలో నుంచి తీగ, తీగలో నుంచి చుక్క. అదే చోట. గడపలో నిలబడి చూస్తున్న అత్త కర్పూరం కోసం పోయింది. “మహిమా లేదు ఏమీ లేదు,” అని విసుక్కుంది మరదలు. “చిక్కటి ద్రవాన్ని మెల్లగా తిప్పితే సుడి పుట్టదు. పొరలు జారుతాయి, వెనక్కి తిప్పితే వచ్చిన దోవనే పోతాయి. నీళ్ళయితే పూర్తిగా కలిసిపోయుండును. నువ్వు ఏ ద్రవమని అడగలేదే.”

ప్రయోగంలో ఓడి మాట తప్పితే నేనేం హేతువాదిని? శనివారం కొండెక్కాను. చుట్టూ భక్తుల ‘అరోహరా’ కేకలు. “ఏం మొక్కు సామీ?” అన్నాడు మంగలి. “ఫిజిక్స్” అన్నాను. కత్తి ఒక్క క్షణం ఆగింది.

ఆదివారం గుండుతో వేదికెక్కగానే సభంతా నోరు తెరిచింది. నేనూ పందెం సంగతి చెప్పి, మరదలి దగ్గర అడిగి తెచ్చుకున్న ఆ గ్లాసులు ధీమాగానే బయటికి తీశాను. రైల్లో గ్లిజరిన్ సగం ఒలికిపోతే స్టేషన్ కొళాయి నీళ్ళతో నింపాను (నీళ్ళ సంగతి మరదలు చెప్పిందే, కానీ నా ధ్యాసంతా ఉపన్యాసం మీదుంది). చుక్క వేశాను, తిప్పాను, రంగు కలిసింది. వెనక్కి తిప్పాను. రాలేదు.

“మొక్కుకుంటే చెప్పుకోడానికి సిగ్గెందుకు తంబీ” అన్నాడు ముందు వరసలో పెద్దాయన, ఎంతో దయగా.

తలచుకున్నప్పుడల్లా ఆనాటి నేను, ఆ ఇరవై రెండేళ్ళ గుండు కుర్రాడు, కనబడతాడు: హాలు ఖాళీ అవుతుంటే, “కొంచెం ఆగండి, వస్తుంది” అంటూ, ఎర్రటి నీళ్ళను వెనక్కి తిప్పుతూనే ఉంటాడు.