హెలెన్ ఇచ్చిన టవలు

మా వీధి హెలెన్‌కి నోరు పెద్దది. ఇంటర్ రెండో ఏడు చదువుతూ, సెలవు రోజుల్లో వాళ్లమ్మ జయకుమారితో పాటు మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తుంది. ఆ పిల్ల కబుర్లు చెబుతుంటే కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్లకి పొద్దు తెలియదు. ఒంగోలు శివార్లలో జరిగిన పార్టీ మహాసభకి వాలంటీరుగా ఆమె పేరు రాయించింది నేనే. మహిళా విభాగంలో నాకో చిన్న పదవి ఉంది లెండి. పార్టీ పేరు మాత్రం చెప్పను. చెబితే సగం మంది ఇక్కడితో చదవడం మానేస్తారు.

కుప్ప దగ్గరి ఆడవాళ్లంతా కలిసి హెలెన్‌కి ఒక పని అప్పగించారు. వాళ్లు పనిచేసేది కోల్డు స్టోరేజీ పక్కన, నడినెత్తిన ఎండలో. నీడకి ఒక రేకుల షెడ్డు వేయించమని ఎవరిని అడిగినా చూద్దాం అన్నవాళ్లే.

"ఎలాగూ స్టేజీ ఎక్కుతావుగా. పెద్దాయన చెవిన వెయ్యవే" అంది జయకుమారి.

"అదెంత పనే అమ్మా" అంది హెలెన్.

సభ రోజు పొద్దున కూడా మానకుండా కాయలకి వెళ్లింది. వచ్చి చేతులు కడుక్కుని తెల్ల చుడీదార్ వేసుకుంటే, వాళ్లమ్మ ప్రార్థన చేసి పంపింది. మిరప ఘాటు ఒక్క సబ్బుకి పోదని ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ అలవాటైన చేతులకి మంట తెలియదు. అక్కడే కొంప మునిగింది.

స్టేజీ మీద ఆమె పని, ఐసు నీళ్లలో టవళ్లు ముంచి, పిండి, మడిచి నాయకులకి అందించడం. పెద్దాయన, అంటే మా అధ్యక్షుడు వీరాంజనేయులు గారి ముందు ట్రే పట్టుకుని నిలబడింది. షెడ్డు మాట అనాల్సింది అప్పుడే. ఊరంతా వినపడే ఆ నోరు పెగల్లేదు. ఆయన టవలు తీసుకుని "థాంక్సమ్మా" అన్నాడు. ఈమె తల ఊపి వచ్చేసింది. కింద ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది.

ఆయన ఆ టవలుతో మొహం, కళ్లు గట్టిగా తుడుచుకుని మైకు దగ్గరికి వచ్చాడు. "రైతు సోదరులారా" అన్నాడో లేదో, కళ్లమ్మట బొటబొటా నీళ్లు. అదే టవలుతో మళ్లీ తుడుచుకున్నాడు. ఇంకా కారాయి. సభంతా చప్పట్లతో మోగిపోయింది.

"రైతంటే ఎంత ప్రాణమో చూడరా" అన్నాడు వెనకెవరో.

నా పక్కనే కూర్చున్న జయకుమారి మాత్రం తల పక్కకి వంచి చూసింది. "అది ఏడుపు కాదక్కా, కాయ ఘాటు" అంది మెల్లగా. మా వరసంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను స్టేజీ వెనక్కి పరిగెత్తాను. పెద్దాయన ప్రసంగం మధ్యలో ఆపి వచ్చి, సీసాల కొద్దీ నీళ్లు కళ్లలో కొట్టుకుంటున్నాడు. స్టేజీ ఇన్‌చార్జి బాలు హెలెన్ మీద ఎగురుతున్నాడు.

"ముందా బ్యాడ్జీ తీసెయ్. నిన్నెవరు రానిచ్చారు?"

హెలెన్ కళ్లలోనూ నీళ్లే, కాకపోతే అవి నిజం ఏడుపువి. "పొద్దున తొడిమలు తీసొచ్చానండి. సబ్బుతో కడిగానండి" అంది.

పెద్దాయన ఒంటికన్ను తెరిచి ఆమె చేతులు చూశాడు. "నీకు మండట్లేదా అమ్మా?"

"మంట అలవాటేనండి. ఎండే అలవాటు కాలేదు." అక్కడితో ఆ పిల్లకి నోరు వచ్చేసింది. షెడ్డు సంగతి మొత్తం గడగడా చెప్పేసింది. "మా అమ్మావాళ్లు ముందు వరసలోనే ఉన్నారు, కావాలంటే అడగండి" అని కూడా అంది.

ఎర్రటి కళ్లతోనే ఆయన మళ్లీ మైకు పట్టుకున్నాడు. "ఇందాక నేను ఏడవలేదు. మిరపకాయలు తీసే ఒక అమ్మాయి నాకు టవలిచ్చింది. వాళ్లకి నీడ లేదంట. షెడ్డు వేయించే పూచీ నాది" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది ఆ రోజే.

అంతమంది ముందు అన్నాక తప్పుతుందా? మరుసటి పంటకి షెడ్డు లేచింది. మొదటి రోజు చూడ్డానికి నేనూ వెళ్లాను. హెలెన్ కబుర్లు మొదలుపెట్టింది. నీడలో కూర్చుని కాయ చేతిలోకి తీసుకోగానే జయకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాయ ఘాటు అంది. మాలో ఎవరూ నమ్మలేదు.