జీవమ్మ టీచరు పంచిన మాటలు

ఆళ్లగడ్డలో ఎవరినైనా ఎలా ఉన్నావని అడగండి, "ఏదో ఉన్నాం" అంటారు. పంట పండినా అదే మాట, ఎండినా అదే మాట. బాగున్నామంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని భయం. ఈ మాట వింటే జీవమ్మ టీచరుకు ఒళ్లు మండేది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి కదా, ఊరి నోట్లోంచి ఆ "ఏదో"ను ఊడబెరికి మంచి మాట నాటాలని పట్టుపట్టింది. ఆమె దగ్గర చదువుకున్న బాలస్వామి ఇప్పుడు చికెన్ అంగడి నడుపుతున్నాడు. టీచరు సంచీ పట్టుకుని వస్తుంటే కత్తి పక్కన పెట్టి "ఆప్టిమిస్టిక్, టీచర్" అంటాడు. అనకపోతే ఆమె కోడి కొనదు.

రిటైరయ్యాక ఆ ఉత్సాహమంతా చర్చి సండే స్కూలు మీద పడింది. కొత్త సంవత్సరం నాడు ఆరాధన ముగిశాక పెద్దలు తలా ఒక వాగ్దానపు కార్డు తీస్తారు. అందులో ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని నమ్ముతారు. పిల్లలకూ ఒకటి ఉండాలని టీచరు రంగు అట్టలు కత్తిరించి ఇంగ్లీషు మాటలు రాసింది. చీర్‌ఫుల్, హోప్‌ఫుల్, సన్నీ, బ్రైట్. దిగులు మాట ఒక్కటీ లేదు. ఆమె మటుకు ఆటగానే చేసింది. కానీ వాగ్దానాల బల్ల మీద పెట్టాక అది ఆట ఎందుకవుతుంది? పిల్లలు ప్రార్థన చేసుకుని మరీ తీశారు.

పదమూడేళ్ల కీర్తనకు చీర్‌ఫుల్ వచ్చింది. అంటే ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండటమని టీచరే అర్థం చెప్పి, బుగ్గ పుణికింది.

ఆ మార్చిలో కీర్తన తల్లి కిడ్నీల జబ్బుతో నంద్యాల ఆసుపత్రిలో చనిపోయింది. తండ్రి అజయ్ కుమార్ శిల్పాల షెడ్డులో రాళ్లకు నునుపు పట్టించేవాడు. మనిషి కుప్పకూలిపోయాడు. కీర్తన మాత్రం వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ టీ ఇచ్చింది. సమాధి దగ్గరా కంట తడి లేదు. పాపకు చీర్‌ఫుల్ వచ్చిందనీ, దేవుని మాట నిలబెట్టిందనీ మేనత్త రూతు అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. దాచడమెందుకు, జీవమ్మ కూడా లోలోపల పొంగిపోయింది.

ఆ పొంగు నెల తిరక్కుండానే దిగిపోయింది. సండే స్కూల్లో కీర్తన పాడేది, నవ్వేది. ఇంట్లో మాత్రం అన్నం సయించడం లేదట. గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఎవరైనా అమ్మ పేరెత్తితే నవ్వు ఇంకాస్త పెద్దదయ్యేది. ఒక ఆదివారం టీచరు ఆ నవ్వును దగ్గరగా చూసింది. పిల్ల ఇలాగే చిక్కి శల్యమైతే ఆ పాపం తనదే. ఎండ చల్లారే దాకా కూడా ఆగలేక వాళ్లింటికి నడిచింది.

కీర్తన అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. టీచరును చూసి లేచి నవ్వింది.

"నవ్వొద్దులే," అంది జీవమ్మ పక్కన కూర్చుంటూ. "ఆ మాట దేవుడు ఇయ్యల్యా పాపా. అంగట్లో అట్ట కొనుక్కొచ్చి నేనే రాసినా."

కీర్తన మళ్లీ కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుంది.

"నేను ఏడ్చినా దేవుడు అమ్మను మళ్లా సూపిస్తాడా, టీచర్?"

ఇన్ని రోజులుగా పిల్ల మోస్తున్నది ఇదన్నమాట. మాట తప్పితే పరలోకంలో అమ్మ దొరకదని. సంతోషానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ తెలిసిన జీవమ్మ వాటిని పక్కన పెట్టి పిల్ల తల నిమిరింది.

"సూపిస్తాడు," అంది. "స్నేహితుడు సచ్చిపోతే యేసయ్యే ఏడ్చినాడు కదా పాపా. నువ్వెంత, నేనెంత."

చేట ఒళ్లోంచి జారింది. పిల్ల "అమ్మా" అని ఒక్క కేక పెట్టి టీచరు ఒళ్లో పడిపోయింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. రూతు లోపల్నుంచి పరుగున వచ్చి, ఇన్నాళ్లు ఎంత బాగుండె, ఏం జేస్తిరి టీచరమ్మా అంటూ పిల్లను లేవదీయబోయింది.

జీవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడ్వనీ రూతమ్మా. పాప బాగుపడతాంది."