వెనక సీట్లో మామా

పోయినేడు మా చర్చి వాళ్ళతో కలిసి పరిశుద్ధ స్థలాల యాత్రకు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో దుబాయిలో ఒక పగలంతా ఆగాలి. మిగతావాళ్ళు అక్కడి ఎత్తయిన భవనం చూడటానికి బస్సెక్కారు. నేను మాత్రం టూరు నడిపే పాస్టరు అయ్యగారిని బతిమాలుకుని, హోటలు ముందు నా స్నేహితురాలి కోసం నిలబడ్డాను. అసలే నాది మెడ నొప్పి, అంత ఎత్తుకి తలెత్తే యోగ్యత లేదని చెబితే ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

మేమిద్దరం కొత్తపేట దగ్గర ఒకే బడిలో, ఒకే బల్ల మీద పదో తరగతి దాకా చదువుకున్నాం. తర్వాత నేను ఆ బల్ల మీంచి లేచి ఎదురుగా ఉన్న కుర్చీలో టీచరుగా కూర్చున్నాను. జీవితంలో నేను ముందుకెళ్ళిన దూరం అంతే. నా స్నేహితురాలు మాత్రం సముద్రం దాటి, దుబాయిలో ఒక అరబ్బు పెద్దావిడ ఇంట్లో వంటకు కుదిరింది. ఆ పెద్దావిడని ఇంటిల్లిపాదీ 'మామా' అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని. కొత్తలో ఇది ఫోను చేసి "ఉండవే, మామాకి జడేసొస్తాను" అంటే నేను కంగారుపడేదాన్ని. మా వైపు మామలకి మీసాలే తప్ప జడలుండవు.

టాక్సీ దిగుతూనే నా చెయ్యి పట్టుకుంది.

"ఏమీ అనుకోకే. ఇయ్యాల నాకు డ్రైవింగు టెస్టు పడింది. నువ్వు కూడా వచ్చి కూర్చో."

"ఇంకో రోజుకి మార్చుకోకూడదా?"

"మారిస్తే ఇంకెప్పటికో. ఈలోగా ఏజెన్సీ వాళ్ళు డ్రైవర్ని పంపించేస్తారు. ఇంక నేను వంటింట్లోనే."

సంగతేమిటంటే, మామా దగ్గర ఎన్నాళ్ళుగానో ఉన్న డ్రైవరు వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మామాకి మోకాళ్ళ నొప్పులు. ఆసుపత్రికీ కూతురింటికీ తిరగాలి. ఆడమనిషి నడిపితే తనకి సుఖమని ఆవిడే పట్టుబట్టి దీన్ని డ్రైవింగు స్కూల్లో చేర్పించింది. ఇది ప్రతిసారీ ఫెయిలవుతూనే ఉంది. ఈసారి కూడా పోతే మగ డ్రైవర్నే పెట్టేస్తానని మామా కొడుకు చెప్పేశాడు. రోడ్డున పడకుండా చూడు తండ్రీ అని లోకమంతా దేవుణ్ణి వేడుకుంటుంటే, ఇది రోడ్డున పడాలని ఊళ్ళో వాళ్ళమ్మ చేత ఉపవాసప్రార్థన చేయిస్తోంది.

"ఇంతకీ ఎందుకు పోతోందే?" అని టాక్సీలో అడిగాను.

"నవ్వనంటే చెప్తాను. నాలుగు రోడ్లు కలిసే రౌండెబౌటు దగ్గర ఆగుతానా, ఎవడో వస్తాడు. పాపం వెళ్ళనీ అనుకుంటాను. వాడి వెనకాల ఇంకోడు. వాణ్ణి వదిలి వీణ్ణి ఆపితే బాగోదు కదా. అలా అందర్నీ సాగనంపి చూసేసరికి పక్కన ఇనస్పెక్టరమ్మ రాసేసుకుంటూ ఉంటుంది."

నవ్వనని మాటిచ్చాను కాబట్టి కిటికీ వైపు తిరిగాను. తప్పు దానిది కాదు, మా పెంపకానిది. మా కోనసీమలో ఇద్దరు మనుషులు గుమ్మం దగ్గర ఎదురుపడితే "మీరు ముందండి" "అయ్యో, మీరే కానివ్వండి" అనుకుంటూ లోపల కాఫీ చల్లారబెట్టేస్తాం. ఆ మర్యాదనే ఇది దుబాయి రోడ్డెక్కించింది. అక్కడ దాన్ని ట్రాఫిక్కుకి అడ్డం అంటారట.

టెస్టు జరిగే చోట ఆడవాళ్ళకి వేరే హాలుంది. అక్కడ కూర్చున్నాక నాలో టీచరు నిద్రలేచింది.

"చూడవే, అంబాజీపేట రోడ్డులో కొబ్బరికాయల లారీ లోడుతో వస్తుంటే ఎవరికైనా దారిస్తుందా? మనమే పక్కకి దిగి నిలబడతాం. నువ్వూ ఆ లారీ అనుకో."

"నువ్వా నాకు చెప్పేది? స్కూటీ నేర్చుకుంటానని పంటబోదె కాలవలోకి దిగిపోయేవు. ఇద్దరు పట్టి లాగితే గానీ పైకి రాలేదు."

"స్కూటీనా, నన్నా?"

"స్కూటీకి ఒకడే సరిపోయేడు."

ఇంతలో దాన్ని పిలిచారు. ఒకే కారులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, పక్కన ఇనస్పెక్టరమ్మ. అందరూ వంతులవారీగా నడపాలి. కారు గేటు దాటిపోయింది. ఇన్నేళ్ళూ పరీక్షలు పెట్టినదాన్నే గానీ, బడి గేటు బయట నిలబడే తల్లుల పని ఏనాడూ చేయలేదు. అది పేపర్లు దిద్దడం కంటే కష్టం. ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఎక్కడున్నానో మరిచిపోయి, మళ్ళీ మొదటికొచ్చాను. దేవుడికి ఆ మొదటి సగం కంఠతా వచ్చేసి ఉంటుంది.

కారు తిరిగొచ్చింది. ముందు దిగినావిడ కళ్ళు తుడుచుకుంటోంది. రెండో ఆవిడ ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయింది. నా స్నేహితురాలు ఆఖరున దిగి, తలుపు మెల్లగా వేసి, తలొంచుకుని నా వైపు వచ్చింది. ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను.

"పాసయ్యేనే టీచరమ్మా," అంది.

ముందు ఏడ్చింది నేనే. అది నా వీపు నిమిరి ఊరుకోబెట్టింది. కాస్త తేరుకున్నాక, మన సలహాకి దక్కాల్సింది దక్కాలి కదా అని, "లారీ పనిచేసిందన్నమాట," అన్నాను.

"లారీయా? సీట్లో కూర్చున్నాక నీ లారీ గుర్తులేదు, నువ్వూ గుర్తులేవు. రౌండెబౌటు దగ్గర ఆగేను. ఒకడొచ్చేడు, వెళ్ళేడు. ఖాళీ వచ్చింది. అల్లంత దూరంలో ఇంకోడు కనబడ్డాడు. పాపం అనుకోబోయేను. అప్పుడు వెనక సీట్లో మామా కూర్చునుందనుకున్నాను. మోకాళ్ళు పట్టేసి మూలుగుతోంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆవిణ్ణలా కూర్చోబెట్టి ఊరందరికీ మర్యాదలు చేస్తానేంటి? వెళ్ళిపోయేను."

కొబ్బరి లారీ దాకానే వెళ్ళింది నా బుర్ర. ఎక్కించుకున్న మనిషిని చూసుకోవడం ముందు మర్యాద అని అది తనంతట తనే తెలుసుకుంది. నాకు ఎంత గర్వమేసిందంటే, హాల్లో ఉన్న వాళ్ళందరికీ "మా క్లాసేనండి, ఒకే బల్ల" అని తెలుగులోనే చెప్పుకుంటూ వచ్చాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ మర్యాదగా తలూపారు.

కాసేపటికి లైసెన్సు కార్డు చేతికిచ్చారు. ఫొటోలో అది ఎవరినో కొట్టబోతున్నట్టుంది. ఫోను చేస్తే మామా అవతల నుంచి వాళ్ళ పద్ధతిలో సంబరంగా కూత పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి వెళ్ళాం. ఆ పూట దాన్ని వంటింటి గడప తొక్కనివ్వకుండా బయటినుంచి తెప్పించి, మామా మా ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించింది. అతిథిని తిండితో హింసించడంలో గోదావరి వాళ్ళని మించినవాళ్ళు లేరనే నా నమ్మకం అక్కడితో పోయింది.

సాయంత్రం నన్ను విమానాశ్రయంలో దింపడానికి మామా తాళాలు తీసి దాని చేతిలో పెట్టింది. తను చేతికర్రతో వెనక కూర్చుని, నన్ను ముందు కూర్చోమంది. దారి పొడుగునా వెనక ఒకరు కళ్ళు మూసుకున్నారు, పక్కన ఒకరు కళ్ళార్పలేదు.

నేను దిగేసరికి మా గుంపు అక్కడే ఉంది. అయ్యగారి భార్య కారులోకి తొంగిచూసి, వెనక సీటుకి నమస్కారం పెట్టి, "మీ ఫ్రెండు ఎంత హుందాగా ఉన్నారండీ," అన్నారు.

"ఆవిడ కాదండి. కారు నడుపుతోంది చూడండి, ఆవిడండి."

"ఆయ్. మరి ఒకసారి దిగరేంటండి, పలకరిద్దాం?"

"దిగకూడదండి. ఇక్కడ బండి నిలిపితే ఒప్పుకోరు. డ్రైవరు కదండి మరి," అన్నాను. ఆ 'డ్రైవరు' అనే మాటను నేను కలెక్టరు అన్నట్టే పలికానని తర్వాత విమానంలో అందరూ ఏడిపించారు.

కారు కదిలింది. అది చెయ్యి పైకెత్తింది. నేను రెండు చేతులూ ఊపాను. తీరా చూస్తే ఆ చెయ్యి నాకు కాదు, బండి పోనివ్వమన్న పోలీసాయనకి. అది నా వైపు తిరగనే లేదు. అద్దంలో ఒకసారి వెనక సీటు చూసుకుని, బళ్ళ వరసలో కలిసిపోయింది.