కంప్యూటర్ ఆన్ అయింది

కళింగపట్నంలో నాది చిన్న ఫోటో స్టూడియో. ఈ రోజు పొద్దున్నే ఎండుచేపలమ్మే మా పిన్ని వచ్చింది. వచ్చే వారం బాబాయి సంవత్సరీకం. ఆయనకున్నదల్లా ఎప్పుడో నేను తీసిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే. దాన్ని పెద్దది చేసి ఇమ్మంది.

నా పాత కంప్యూటర్ ఆన్ కాలేదు. మూడుసార్లు కూతపెట్టింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. పిన్నిని సాయంత్రం రమ్మన్నాను. ఉప్పుగాలికి ర్యామ్ చిలుం పట్టి ఉంటుందని ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే మధ్యాహ్నానికి లేచింది. ఆత్రంగా వెతికాను. బాబాయి ఫోటో తీసిన ఏడాది ఫోల్డరే లేదు. డిస్కు నిండిపోయిందని మొన్న చెరిపేసింది నేనే.

సాయంత్రం పిన్ని ఫ్రేము కూడా కొనుక్కుని వచ్చింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఆన్ అవ్వలేదు పిన్నీ" అన్నాను.

"మిషను పోనాదంటే నువ్వేటి సేస్తావురా బాబూ. పొద్దుట్నుంచీ దాని ముందరే కూకున్నట్టున్నావు, తిన్నావా నేదా?" అంది.

చెరిపేసిన ఫోటోను తిరిగి తెచ్చే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కంప్యూటర్ శుభ్రంగా పనిచేస్తోంది. ఈ పోస్టు దాని మీదే రాస్తున్నాను.