ఇంటికొక్క ఫోను

రాయపూర్ రైల్వే కాలనీలో ఎవరికి రక్తం కావాల్సొచ్చినా పరిగెత్తేది దుర్గారావు దగ్గరికే. వ్యాగన్లు బాగుచేసే రైల్వే షాపులో గుమాస్తా. తెలుగు సంఘం రక్తదాతల జాబితా ఆయన ఎక్సెల్ షీటులోనే ఉండేది. పేరు, గ్రూపు, క్వార్టరు, ఫోను, మొత్తం నాలుగువందల పన్నెండు వరుసలు. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు.

2011లో మేనకోడలు భావన వచ్చి, "మావయ్యా, దీన్ని డేటాబేసులో పెట్టు, ఇట్టే వెతికిపెడుతుంది" అని ఒక పూట కూర్చుని నేర్పింది. ముందు టేబుల్, అంటే గళ్ళ పట్టిక, తయారుచెయ్యాలి. షీటును కామాలతో విడదీసిన ఫైలుగా దాచి, అందులోకి ఎక్కించాలి. ఒక్కో మనిషికీ ఇంకెవరితోనూ కలవని గుర్తు ఒకటుండాలి. పేర్లు పనికిరావు, కాలనీలో అప్పారావులే తొమ్మిదిమంది! దుర్గారావు బాగా ఆలోచించి ఫోను నంబరు ఖాయం చేశాడు.

ఎక్కిస్తుంటే, ఈ నంబరు ముందే ఉందంటూ కంప్యూటరు మొరాయించింది. ఒకరినే రెండుసార్లు రాసుంటాననుకుని, మళ్ళీ వచ్చినవాటిని వదిలెయ్యమన్నాడు మహానుభావుడు. నూటనలభై మూడు వరుసలు మిగిలాయి. చెత్తంతా పోయిందని మురిసిపోయాడు కూడా.

నాలుగోరోజు పొద్దున్నే పక్క వీధి వివేక్ ఫోను చేశాడు. "అంకుల్, నా భార్య నీలిమకు కాన్పు కష్టమైంది. బి నెగటివ్ జల్దీ కావాలంట!"

దుర్గారావు వెతికాడు. ఒక్క పేరూ రాలేదు. మళ్ళీ వెతికాడు. "మన జాబితాలో ఎవరూ లేరు బాబూ" అని చెప్పాడు.

మధ్యాహ్నం సంఘం గదికి దాలమ్మ వచ్చింది. మల్లేశ్వరరావు భార్య, కాలనీ గేటు దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. మోచేతి మడతలో దూది అంటించి ఉంది.

"ఆ కుర్రోడు ఏడుసుకుంటా గేటుకాడ అందర్నీ అడుగుతుంటే నానెల్లి ఇచ్చొచ్చినాను. తల్లీబిడ్డా బాగున్నారు. అయిదేళ్ళనాడు నువ్వే కదా తమ్ముడూ పిలిసినావు, ఈసారి నన్నెందుకు పిలవనేదు?"

దుర్గారావు పాత షీటు తెరిచాడు. మల్లేశ్వరరావు, ఓ పాజిటివ్. ఆ కిందే దాలమ్మ, బి నెగటివ్. ఇద్దరికీ ఒకటే నంబరు. కాలనీలో ఇంటికొక్క ఫోను, ఎవరడిగినా ఇంటాయన నంబరే రాయిస్తారు. తను ఊడ్చిపారేసింది ఇళ్ళల్లోని ఆడవాళ్ళనూ, ఎదిగిన పిల్లలనూ!

"తప్పు నాదే అక్కా. నీదీ బావదీ ఒకటే ఫోనని, నిన్ను లెక్కలోంచి తీసేశాను."

"ఫోను ఆయనదే. రగతం నాది కాదేటి?"

సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. అప్పటికప్పుడు భావనకు ఫోను చేశాడు. ఆమె చెప్పినట్టే ఇళ్ళకొక టేబుల్, మనుషులకొక టేబుల్ పెట్టి, ప్రతి మనిషికీ సొంత సంఖ్య ఇచ్చి, పక్కన ఏ ఇల్లో రాశాడు. మళ్ళీ ఎక్కించి మనుషులను లెక్కచూశాడు. నాలుగువందల పన్నెండు.

బి నెగటివ్ అని వెతికితే మూడు పేర్లు వచ్చాయి. దాలమ్మకు చదువు రాదు. దుర్గారావు ఆమె పేరు చూపిస్తే తెరమీద వేలు పెట్టింది.

"ఇదేనా? పక్కన మా ఆయన పేరు లేదేటి?"

"లేదక్కా. ఇది నీ ఒక్కదానిదే."

దాలమ్మ ఆ వరుసను ఇంకోసారి చూసుకుని, ఇడ్లీ గిన్నెలు కడగాలంటూ లేచింది.