పైడమ్మత్త తిరిగి అడిగిన అప్పు

మా డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో పైడమ్మత్తను ఎరగని ఇల్లు లేదు. వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఏళ్లకు పైగా ఖలాసీగా పనిచేసింది. అంతకుముందు అక్కడ పనిచేసింది ఆమె భర్త పరదేశి. 2001లో అతను జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. కొడుకు రవికి అప్పటికి పదకొండేళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై వచ్చిన మనిషి, రాయపూర్‌లో బజారుకు కూడా ఒంటరిగా వెళ్లి ఎరగదు. అలాంటిది చీర మీద నీలం చొక్కా తొడుక్కుని, మగవాళ్ల మధ్య గ్రీజు డబ్బాలు మోసింది.

ఉద్యోగంతో పాటు పరదేశి అప్పులూ ఆమె మీదే పడ్డాయి. జీతాల రోజున వర్క్‌షాపు గేటు బయట వడ్డీవాళ్లు కాచుకుని ఉండేవారు. వాళ్లలో ఒకాయన స్కూటరు దిగకుండానే చెయ్యి చాచేవాడు. ఎంత కట్టినా ఇంకా కొంత మిగిలే ఉందనేవాడు. నలుగురి ముందూ ఆయనతో మాటలు పడుతూ ఆరేళ్లకు ఆ బాకీ వదిలించుకుంది. ఆ తర్వాత కిరాణా కొట్టులో కూడా అరువు పెట్టలేదు. పప్పు లేకపోతే ఆ పూట పప్పు వండేది కాదు.

రవి డిప్లొమా చదివి, ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో సూపర్‌వైజర్ అయ్యాడు. 2019లో ఐదేళ్ల లోను మీద చిన్న కారు కొన్నాడు. తల్లి మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. అభన్‌పూర్‌లో ఉన్న ఆమె చెల్లెలు నాంచారమ్మను చూడ్డానికి బస్సెక్కాలంటే కష్టంగా ఉండేది. కారులో ఆమె సుఖంగానే కూర్చునేది. అయితే దాని మీద అప్పుందన్న సంగతి మాత్రం మరిచిపోలేకపోయేది.

2022లో పైడమ్మత్త రిటైరైంది. గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికొచ్చాయి. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యడానికి కొన్ని నెలలే గడువు. రవి మోవాలో రెండు గదుల ఫ్లాటు చూసి అడ్వాన్సు ఇచ్చాడు. తల్లి డబ్బులో కొంత కలిపి, మిగతాదానికి ఇంటి లోను తీసుకుందామన్నాడు. ఆమె ఒప్పుకుంది గాని ఒక మెలిక పెట్టింది.

"ముందు ఆ కారు అప్పు తీర్సీ. ఒకటి మెడమీదుండగా ఇంకోటి సెయ్యడానికి నేనొప్పుకోను."

"అది దానంతటదే తీరిపోద్దమ్మా. ముందే కట్టేస్తే పైన ఛార్జీ కూడా వేస్తారు."

"ఏస్తే ఏయనీ. నా డబ్బే కదా."

ఒక శనివారం ఇద్దరూ ఫైనాన్స్ కంపెనీకి వెళ్లి, మిగిలిన బాకీ, ఛార్జీ కట్టేసి, లోను ముగిసిందన్న కాగితం తెచ్చుకున్నారు. దారిలో ఆమె జిలేబీ కొనిపించింది. మా ఇంటికీ పంపింది. ఏమిటత్తా విశేషమంటే, "మా కారు ఇప్పుడు మాదయ్యింది" అంది.

రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం, బ్యాంకుకు పెట్టిన ఇంటి లోను ఫైలు చూస్తున్న ఏజెంటు రవికి ఫోన్ చేశాడు. రవి వరండాలో నిలబడి హిందీలో మాట్లాడుతున్నాడు. ఫోను అవతలి మనిషి గొంతు పెద్దది, లోపల బియ్యం ఏరుకుంటున్న పైడమ్మత్తకు అంతా వినబడింది. కారు లోను ఇప్పుడెందుకు బంద్ చేశావు? ఉన్నదే ఒక్క లోను, దాన్నీ మూసేశావు, స్కోరు పడిపోయింది, ఫైలు అందుకే ఆగిపోయింది. ఇక లోను రావడం కష్టమే, వచ్చినా వడ్డీ ఎక్కువ పడొచ్చు.

రవి లోపలికొచ్చి తల్లిని ఒక్క మాటా అనలేదు. అన్నం తిని పడుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. పొద్దున టీ ఇస్తూ అడిగింది.

"స్కోరంటే ఏటిరా?"

"అప్పు తీసుకున్నోడు సరిగ్గా కడతాడా లేదా అని మార్కులేస్తారమ్మా. నాకు ఏడు వందల డెబ్బై దాకా ఉండేవి. ఇప్పుడు ఏడు వందల యాభై దగ్గరికొచ్చాయి."

"అప్పు కట్టీసినందుకా?"

"అలాగే అంటున్నాడు. నువ్వు దాని గురించి ఆలోచించకు."

ఆలోచించకుండా ఎలా ఉంటుంది? ఫ్లాటు అడ్వాన్సు పోతుంది, క్వార్టరు పోతుంది, కొడుకును తానే రోడ్డు మీద నిలబెట్టినట్టయింది. రవి పనికి వెళ్లగానే ఆమె తలుపుకు తాళం వేసి, ఆటో మాట్లాడుకుని ఫైనాన్స్ కంపెనీకి బయల్దేరింది. ఎవరికీ చెప్పలేదు.

అక్కడ మేనేజరు పేరు మురళీమోహన్. వాళ్ల నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేశాడు. ఆమె హిందీ రెండు ముక్కలు వినగానే, "తెలుగువాళ్లా ఆంటీ? కూర్చోండి" అన్నాడు.

పైడమ్మత్త కుర్చీ అంచున కూర్చుంది. "బాబూ, నేనొక తప్పు సేసినాను. మా అబ్బాయి కారు లోను ముందుగా కట్టించీసినాను. ఆ డబ్బు తిరిగిచ్చీసి, లోను మళ్లీ పెట్టీయండి. నెలనెలా కట్టుకుంటాం. మీ ఛార్జీ మీరే ఉంచుకోండి."

మురళీమోహన్ నవ్వలేదు. రవి వివరాలు అడిగి కంప్యూటర్లో చూశాడు.

"మూసిన లోను మళ్లీ తెరవడం కుదరదు ఆంటీ. తెరవాల్సిన జరూరత్ కూడా లేదు. మీ అబ్బాయికున్న లోను ఇదొక్కటే. నడుస్తున్నంత కాలం నెలనెలా టైముకు కడుతున్నట్టు రికార్డులో పడేది. బంద్ అయ్యేసరికి అది ఆగింది, అందుకని స్కోరు కొంచెం దిగింది. కొందరికి అసలు దిగదు. దిగినా మెల్లగా మళ్లీ ఎక్కుతుంది."

"మరి ఇన్నాళ్లూ కట్టిందంతా పోయినట్టేనా?"

"పోదు. ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాడని, బాకీ లేకుండా మూశాడని ఏళ్ల తరబడి రికార్డులో ఉంటుంది. అది మంచి పేరే. ఈ స్కోరుతో ఇంటి లోను ఆగిపోతుందని నేననుకోను. ఇంకో మాట. ఇంటి లోను ఇచ్చేవాళ్లు జీతంలో ఎంత వాయిదాలకు పోతోందో చూస్తారు. మీ అబ్బాయికి ఇప్పుడు కారు వాయిదా లేదు, ఇంటికి ఎక్కువ కట్టగలడు. మీరు గలత్ పనేం చెయ్యలేదు."

"నన్ను ఓదార్చడానికి సెప్తున్నావా బాబూ?"

"ఓదార్చడం నా డ్యూటీలో లేదు ఆంటీ. ఏజెంటుని వదిలేసి, మీ అబ్బాయిని తిన్నగా బ్యాంకు ఆఫీసర్ని కలవమనండి."

ఆటోలో వెనక్కి వస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. డ్రైవరు చూసి ఏమైంది మాతాజీ అంటే, ఏం లేదు, అంతా బాగానే ఉందట అని చెప్పింది.

సాయంత్రం సంగతంతా విని రవి ముందు నమ్మలేదు. "లోను మళ్లీ పెట్టమని అడిగావా? నువ్వొక్కదానివే వెళ్లి?" అన్నాడు. మర్నాడు సగం రోజు సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాడు. ఆఫీసరు ఫైలు తీసి చూసి, స్కోరు వల్ల ఇది ఆగలేదన్నాడు. ఫ్లాటు కాగితాల మీద వకీలు రిపోర్టు ఇంకా రాలేదు, అంతే. ఏజెంటు తెలియక తన ఊహ చెప్పాడు. కారు వాయిదా లేదు కాబట్టి కావాలంటే ఇంకొంచెం ఎక్కువే ఇవ్వగలమని కూడా అన్నాడు. రవి బ్యాంకు మెట్ల మీద నుంచే తల్లికి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని, "సరే, అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది. ఫోను పెట్టేసి మా ఇంటికొచ్చి చాలాసేపు కూర్చుంది. ఇంతవరకూ జరిగిందంతా అప్పుడు చెప్పిందే.

మూడు వారాల తర్వాత నాంచారమ్మ మనవరాలి పుట్టినరోజుకు ఇద్దరూ కారులో అభన్‌పూర్ బయల్దేరారు. ధమ్తరీ రోడ్డు మీదుండగా బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. రవి కారు పక్కకు ఆపి మాట్లాడాడు. లోను మంజూరైంది. అడిగినంతా ఇస్తున్నారు, వడ్డీ ముందు చెప్పినదే.

ఎదురుగా చిన్న హోటల్లో బంగాళాదుంప బోండాల్లాంటి ఆలూగుండాలు వేడివేడిగా వేస్తున్నారు. పైడమ్మత్త కారు దిగి బెంచీ మీద కూర్చుంది. రెండు తిని, పచ్చిమిరపకాయ కొరుక్కుని, ఇంకో రెండు వేయమంది.

"పిన్నింట్లో భోజనం ఉందమ్మా" అన్నాడు రవి.

"అదీ తింటాను. ఇన్నాళ్లూ ఏం తిన్నానో నాకే తెలీదు" అంది ఆమె, కొడుకు ప్లేటులోకి ఒకటి తీసి పెడుతూ.